భాగం – 9: జపాన్ యుద్ధ కళల్లో చెక్క కత్తి – ప్రారంభ అభ్యాసం

విషయక్రమం

9.0 లక్ష్యాలు
9.1 పరిచయం
9.2 చెక్క కత్తి – పేర్లు, భాగాలు
9.3 చారిత్రక నేపథ్యం
9.4 కలప, తయారీ
9.5 రకాలు – కొత్తగా నేర్చుకొనేవారి ఎంపిక
9.6 ప్రారంభ అభ్యాసం
  9.6.1 పట్టు, నిలకడ
  9.6.2 ఒంటరి అభ్యాసం
  9.6.3 జంట అభ్యాసం
9.7 భద్రత, సంరక్షణ
9.8 సారాంశం
9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా సమాధానాలు
9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు
9.11 కీలక పదాలు

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• జపాన్ చెక్క కత్తి నిర్మాణాన్ని, దాని భాగాలను వివరించగలుగుతారు.
• అసలు కత్తి, చెక్క కత్తి, వెదురు కత్తి – ఈ మూడింటి మధ్య భేదాలను గుర్తించగలుగుతారు.
• చెక్క కత్తికి ఏ కలప తగినదో, ఎందుకు తగినదో చెప్పగలుగుతారు.
• కొత్తగా నేర్చుకొనేవారు పాటించవలసిన అభ్యాస క్రమాన్ని, భద్రతా నియమాలను పేర్కొనగలుగుతారు.

9.1 పరిచయం

గత భాగంలో జపాన్ యుద్ధ కళల ముఖ్య శాఖలను గురించి తెలుసుకున్నారు. కెండో, ఐకిదో, ఇయాయిదో, ప్రాచీన ఖడ్గ సంప్రదాయాలు – వీటి పద్ధతులు వేరువేరు. అయినా వీటన్నింటిలోనూ కనిపించే సాధనం ఒకటి ఉంది. అదే చెక్క కత్తి.

దీన్ని మొదటిసారి చూసినవారు సాధారణంగా రెండు రకాలుగా పొరబడతారు. కొందరు దీన్ని నాటకాల్లో వాడే ఉత్తుత్తి కత్తి అనుకుంటారు. మరికొందరు, అసలు కత్తి కొనే స్తోమత లేనివారు వాడే చౌక ప్రత్యామ్నాయం అనుకుంటారు. రెండూ సరికావు. చెక్క కత్తికి పదును లేకపోవచ్చు గాని దెబ్బ ఉంది. దానితో ఎముక విరుగుతుంది, తలకు తగిలితే ప్రాణమే పోవచ్చు. ఆ సంగతి తెలిసే జపాన్ గురువులు దాన్ని శిష్యుల చేతికి ఇచ్చారు. ఎందుకు ఇచ్చారన్న ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ భాగం ఉద్దేశం.

9.2 చెక్క కత్తి – పేర్లు, భాగాలు

జపాన్‌లో దీన్ని ఎక్కువగా ‘బొకుతో’ అంటారు. ‘బొకు’ అంటే చెక్క, ‘తో’ అంటే కత్తి. జపాన్ బయట ‘బొక్కెన్’ అనే పేరు బాగా వ్యాప్తిలో ఉంది. ఈ భాగంలో రెండింటికీ బదులుగా ‘చెక్క కత్తి’ అనే మాటనే వాడుతున్నాం.

ప్రామాణికమైన చెక్క కత్తి పొడవు సుమారు 102 సెంటీమీటర్లు. జపాన్ సంప్రదాయ కొలమానంలో ఇది 3 షకు, 3 సున్, 5 బు. ఒక షకు సుమారు 30.3 సెంటీమీటర్లు. షకులో పదోవంతు సున్, సున్‌లో పదోవంతు బు. బరువు సాధారణంగా 500 నుంచి 600 గ్రాముల మధ్య ఉంటుంది. అసలు ఉక్కు కత్తి ఇంతకంటే చాలా బరువు ఉంటుంది. పొడవు, వంపు, పట్టుకొనే తీరు మాత్రం ఇంచుమించు ఒకటే.

దీని ముఖ్య భాగాలు ఇవి:

(అ) పిడి (త్సుకా): రెండు చేతులతో పట్టుకొనే భాగం. దీని అడ్డుకోత గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. అందువల్ల కత్తి అంచు ఎటు తిరిగి ఉందో కళ్లతో చూడకుండానే అరచేతికి తెలుస్తుంది.
(ఆ) రక్షక బిళ్ల (త్సుబా): పిడికీ అలుగుకూ మధ్య అమర్చే గుండ్రని బిళ్ల. చెక్క కత్తులకు దీన్ని ప్లాస్టిక్‌తో గాని తోలుతో గాని చేస్తారు. జారిపోకుండా రబ్బరు వలయం బిగిస్తారు.
(ఇ) అంచు (హా): అసలు కత్తిలో పదును ఉండే వైపు. వంపుకు బయటి వైపున ఉంటుంది.
(ఈ) వెన్ను (మునే): అంచుకు ఎదురుగా ఉండే వైపు.
(ఉ) మొన (కిస్సకి): కత్తి చివరి కొస.
(ఊ) వంపు (సోరి): పిడి నుంచి మొన వరకు ఉండే స్వల్పమైన వంగుడు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. చెక్క కత్తికి పదును లేకపోయినా అంచు ఉంది, వెన్ను ఉంది. గుండ్రని కర్రకు ఈ భేదం లేదు. మన కర్రసాములో కర్రను ఏ వైపునుంచి తిప్పినా అది కర్రే. చెక్క కత్తిని అంచు పక్కకు తిరిగేలా దించితే మాత్రం, దెబ్బ ఎంత బలంగా ఉన్నా అది తప్పు కిందే లెక్క. ఎందుకంటే అలా దిగిన అసలు కత్తి సరిగా తెగదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
సూచన: (అ) మీ సమాధానాన్ని విడిగా కాగితంపై రాయండి. (ఆ) ఈ భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
చెక్క కత్తి పిడి గుడ్డు ఆకారంలో ఉండటం వల్ల అభ్యాసకుడికి కలిగే ప్రయోజనం ఏమిటి?

9.3 చారిత్రక నేపథ్యం

యుద్ధవిద్య నేర్పే ప్రతి సమాజానికీ ఒకే చిక్కు ఎదురవుతుంది. అసలు ఆయుధంతో అభ్యాసం చేస్తే శిష్యులు మిగలరు. ఆయుధమే లేకుండా చేస్తే విద్య మిగలదు. జపాన్ ప్రాచీన ఖడ్గ సంప్రదాయాలు దీనికి రెండు మార్గాలు కనిపెట్టాయి. మొదటిది, ముందుగా నిర్ణయించిన కదలికల క్రమం. దీన్నే ‘కటా’ అంటారు. రెండవది, ఆ క్రమాన్ని చెక్క కత్తితో చేయడం. 15వ శతాబ్దంలో ఈజాసా ఇయెనావో స్థాపించిన కటోరి షింతో సంప్రదాయంలో ఈ పద్ధతి నేటికీ కొనసాగుతోంది.

చెక్క కత్తి ఎంత ప్రమాదకరమో చెప్పడానికి జపాన్‌లో అందరికీ తెలిసిన కథ ఒకటి ఉంది. 1612లో గన్ర్యూ దీవిలో మియమోతో ముసాషి, ససాకి కొజిరో ద్వంద్వ యుద్ధం చేశారని చెబుతారు. కొజిరో చేతిలో పొడవైన ఉక్కు కత్తి ఉంది. ముసాషి పడవ తెడ్డును చెక్కి చేసుకున్న చెక్క కత్తితో వచ్చి, ఒక్క దెబ్బతో అతన్ని పడగొట్టాడని కథ. దీని వివరాలు తరవాతి కాలపు రచనల్లో ఒక్కొక్క చోట ఒక్కొక్క రకంగా ఉన్నాయి. అయినా ఆ కథను విన్న జపాన్ వారెవరూ ‘చెక్కతో మనిషి చస్తాడా?’ అని అడగలేదు. వారికి దాని దెబ్బ తెలుసు.

ఈ ప్రమాదం వల్లనే మరో సాధనం పుట్టింది. 16వ శతాబ్దంలో షిన్‌కగె సంప్రదాయ స్థాపకుడు కమియిజుమి నొబుత్సునా, చీల్చిన వెదురును తోలు సంచిలో దూర్చి చేసిన కత్తిని అభ్యాసంలోకి తెచ్చాడని ప్రసిద్ధి. 18వ శతాబ్దంలో వెదురు కత్తితోపాటు తలకు, చేతులకు, ఛాతీకి కవచాలు వచ్చాయి. ఈ మార్పులో నగనుమా కునిసాతో, నకనిషి త్సుగుతాకె అనే గురువుల పేర్లు ముఖ్యంగా వినిపిస్తాయి. నాలుగు వెదురు బద్దలను కలిపి కట్టే నేటి ‘షినై’ ఈ పరిణామ ఫలితమే. దానితో ఎదుటివారిని నిజంగా, పూర్తి బలంతో కొట్టవచ్చు. ఆధునిక కెండో పోటీ దీనిపైనే ఆధారపడి ఉంది.

1876లో మెయిజీ ప్రభుత్వం బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధించింది. సమురాయ్‌ల జీవనాధారంగా ఉన్న విద్య అక్కడితో ఆగిపోయే స్థితి వచ్చింది. 1895లో క్యోటోలో ఏర్పడిన ‘దై నిప్పోన్ బుతొకుకై’ అనే సంస్థ దాన్ని శిక్షణగా, శీల నిర్మాణంగా నిలబెట్టడానికి కృషి చేసింది. 1912లో వేర్వేరు సంప్రదాయాల గురువులు కలిసి కెండో కటాను రూపొందించారు. అందులో పది క్రమాలు ఉన్నాయి. ఏడు పొడవు కత్తితో చేసేవి. మిగిలిన మూడింటిలో నేర్చుకొనేవారి పక్షం పొట్టి కత్తిని వాడుతుంది. వీటిని నేటికీ చెక్క కత్తులతోనే అభ్యసిస్తారు.

వెదురు కత్తి వచ్చాక చెక్క కత్తి అవసరం తీరిపోయిందా? తీరలేదు. షినై గుండ్రంగా, నిటారుగా ఉంటుంది. దానితోనే పెరిగిన అభ్యాసకులు తమ చేతిలో ఉన్నది కత్తికి ప్రతీక అని మరచిపోయి, దాన్ని కర్రలాగా ఝళిపించే ప్రమాదం ఉంది. ఈ లోపాన్ని సవరించడానికే 2003లో అఖిల జపాన్ కెండో సమాఖ్య చెక్క కత్తితో చేసే తొమ్మిది ప్రాథమిక అభ్యాసాలను ప్రవేశపెట్టింది. అంటే మూడు శతాబ్దాల తరవాత కూడా చెక్క కత్తి దగ్గరికి తిరిగి రావలసివచ్చిందన్నమాట.

9.4 కలప, తయారీ

చెక్క కత్తికి వాడే కలపకు మూడు గుణాలు కావాలి. అది గట్టిగా ఉండాలి. దెబ్బను తట్టుకోవాలి. విరగవలసివస్తే ఒక్కసారిగా పెళ్లున విరగకుండా ముందుగా నార లేచి హెచ్చరించాలి. ఈ మూడూ జపాన్‌లో పెరిగే సతతహరిత ఓక్ జాతుల్లో ఉన్నాయి. వీటిలో ఎర్ర ఓక్ (అకగషి), తెల్ల ఓక్ (షిరగషి) ముఖ్యమైనవి. ఎర్ర ఓక్ ఎక్కువగా దొరుకుతుంది, ధర తక్కువ. తెల్ల ఓక్ ఢీకొట్టే అభ్యాసాలకు ఎక్కువ కాలం మన్నుతుందని పేరు. లొకాట్ (బివా) చెట్టు కలపతో, నల్ల మానుతో చేసిన కత్తులు కూడా ఉన్నాయి. అవి ఖరీదైనవి.

‘మన టేకు పనికిరాదా?’ అనే ప్రశ్న విద్యార్థులు తరచుగా అడుగుతారు. టేకు తలుపులకు, కిటికీలకు మేలైన కలప. చెదను, తేమను తట్టుకుంటుంది. కాని అకస్మాత్తుగా తగిలే దెబ్బను తట్టుకొనే గుణం దానికి తక్కువ. ఇంటి దూలానికి కావలసిన గుణం వేరు, కత్తికి కావలసిన గుణం వేరు.

జపాన్‌లో తయారయ్యే చెక్క కత్తుల్లో అత్యధిక భాగం క్యూషూ దీవిలోని మియజకి రాష్ట్రం, మియకొనొజో పట్టణం నుంచి వస్తాయి. దక్షిణ క్యూషూ అడవుల్లో ఓక్ కలప లభించడం, ఆ ప్రాంతాన్ని పాలించిన షిమజు వంశీయుల కాలంనుంచి యుద్ధవిద్యలకు ఆదరణ ఉండటం ఇందుకు నేపథ్యం.

తయారీలో మొదటి దశ ఆరబెట్టడం. పచ్చి కలపతో చేసిన కత్తి ఆరేకొద్దీ మెలితిరుగుతుంది. అందువల్ల దుంగను పలకలుగా కోసి చాలాకాలం ఆరనిస్తారు. తరవాత నార నిడివిగా వచ్చేలా కత్తి ఆకారాన్ని కోస్తారు. చివరికి చేతి చిత్రికతో వెన్ను, అంచు, మొనలను తీర్చి నునుపు చేస్తారు. ఇందులో నార దిశే ప్రాణం. పిడి నుంచి మొన దాకా నార తెగకుండా సాగితే కత్తి బలంగా ఉంటుంది. నార మధ్యలో ఏటవాలుగా పక్కకు పోతే, సరిగ్గా ఆ చోటే కత్తి విరుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
చెక్క కత్తిలో నార దిశకు ఉన్న ప్రాధాన్యం ఏమిటి?

9.5 రకాలు – కొత్తగా నేర్చుకొనేవారి ఎంపిక

సంప్రదాయాన్ని బట్టి చెక్క కత్తి ఆకారం మారుతుంది. కెండోలో ప్రామాణిక పొడవు కత్తినీ, సుమారు 55 సెంటీమీటర్ల పొట్టి కత్తినీ వాడతారు. ఐకిదోలోని ఇవామా పద్ధతిలో రక్షక బిళ్ల లేని, వంపు తక్కువగా ఉన్న, కొంచెం లావైన కత్తిని వాడతారు. కటోరి షింతో సంప్రదాయంలో కత్తి మరికొంత పొట్టిగా, దిట్టంగా ఉంటుంది. ‘సుబురితో’ అనేది ఒంటరి అభ్యాసానికి మాత్రమే వాడే బరువైన కత్తి. ఇది ప్రామాణిక కత్తికంటే పొడవు, లావు ఎక్కువ.

కొత్తవారు చాలామంది ‘బరువైనది కొంటే చేతులు బలపడతాయి’ అనుకొని సుబురితోతోనే మొదలుపెడతారు. ఇది పొరపాటు. బరువును ఆపలేని చేయి భుజంతో లాగుతుంది, మణికట్టుతో మెలిపెడుతుంది. అలా పడిన అలవాటును వదిలించుకోవడం, కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. కాబట్టి మొదటి కత్తి ప్రామాణిక కొలతల్లో, మామూలు బరువుతో ఉండాలి. కొనే ముందు మీ గురువును అడగడం అన్నింటికంటే మంచిది.

కత్తిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఈ కింది అంశాలు పరిశీలించండి:

1. నార పిడి నుంచి మొన వరకు నిడివిగా సాగిందా?
2. ముడులు, పగుళ్లు ఉన్నాయా? చిన్న ముడి ఉన్నా ఆ కత్తిని జంట అభ్యాసానికి తీసుకోవద్దు.
3. వెన్ను వెంట ఒక కన్నుతో చూస్తే మొన నేరుగా ఉందా, పక్కకు తిరిగి ఉందా?
4. దట్టంగా వార్నిష్ పూసి ఉందా? అది నారను కప్పివేస్తుంది. చెమట పట్టిన చేతిలో జారుతుంది కూడా.
5. అది అలంకరణకు అమ్మే వస్తువా, అభ్యాసానికి చేసినదా? రంగులు, చెక్కడాలు ఉన్నవి సాధారణంగా గోడకు తగిలించుకోవడానికి చేసినవే.

9.6 ప్రారంభ అభ్యాసం

9.6.1 పట్టు, నిలకడ

ఎడమ చేయి పిడి చివరన, కుడి చేయి రక్షక బిళ్లకు దిగువన ఉండాలి. చిటికెన వేలు, ఉంగరపు వేలు గట్టిగా పట్టాలి. బొటనవేలు, చూపుడు వేలు వదులుగా ఉండాలి. తడి గుడ్డను పిండినట్లు రెండు చేతులూ లోపలికి తిరగాలని గురువులు చెబుతారు. పనిచేసే చేయి ఎడమది. కుడిచేయి దారి చూపుతుంది. కుడిచేతి వాటం ఉన్నవారికి మొదట ఇదే కష్టంగా ఉంటుంది.

మధ్యస్థ నిలకడను ‘చూదన్’ అంటారు. కెండోలో కుడిపాదం ముందుకు, ఎడమపాదం వెనక్కు ఉండి, ఎడమ మడమ కొద్దిగా లేస్తుంది. ఎడమ పిడికిలి నాభికి పిడికెడు దూరంలో ఉంటుంది. మొన ఎదుటివారి గొంతు వైపు చూస్తుంది.

9.6.2 ఒంటరి అభ్యాసం

కత్తిని తలపైకి ఎత్తి, సూటిగా కిందికి దించి ఆపే అభ్యాసాన్ని ‘సుబురి’ అంటారు. ఐకిదోలో సైతో మొరిహిరో బోధించిన ఏడు సుబురిలు ప్రసిద్ధమైనవి. ఏ పద్ధతిలోనైనా చూడవలసినవి మూడు: కత్తి నడిమి గీత వెంట దిగిందా? అంచు కిందికే చూస్తోందా? అనుకున్న చోట ఆగిందా?

ఈ మూడింటిలో చివరిదే అసలైన పరీక్ష. కత్తి వేగం రెండింతలైతే దాని దెబ్బ శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తిని గాలిలోనే ఆపాలంటే భుజబలం చాలదు. పాదాలు, నడుము, ఊపిరి, వేళ్లు ఒకే క్షణంలో పనిచేయాలి. అందుకే మొదటి వారాల్లో లెక్క పెంచుకోవద్దు. తప్పుగా చేసిన రెండు వందలకంటే సరిగా ఆపిన ఇరవై మేలు.

9.6.3 జంట అభ్యాసం

కెండో కటాలో ఇద్దరూ తొమ్మిది అడుగుల దూరంలో నిలబడి నమస్కరించి, ముందుకు వచ్చి మొదలుపెడతారు. ఇక్కడ అడుగు అంటే నడకలో వేసే అడుగు. ముందుగా దాడిచేసే పక్షాన్ని ‘ఉచిదచి’ అంటారు. సమాధానం చెప్పే పక్షం ‘షిదచి’. ఉచిదచి స్థానం గురువుది లేదా పెద్దవారిది. షిదచి స్థానం నేర్చుకొనేవారిది. క్రమంలో చివరకు గెలిచేది షిదచి. అంటే పెద్దవారు తాము ఓడిపోతూ చిన్నవారికి నేర్పుతారు.

కటాలో ఎదుటివారు తలపై కవచం పెట్టుకోరు. కొట్టే కత్తి తలకు వెంట్రుకవాసి దూరంలో ఆగాలి. దూరంగా ఆపితే దెబ్బ అబద్ధమవుతుంది. ఆపలేకపోతే మనిషి గాయపడతాడు. ఈ రెండింటి మధ్య ఉన్న ఆ కొద్దిపాటి చోటు నేర్పడానికే చెక్క కత్తి ఉంది. వెదురు కత్తి నిర్భయంగా కొట్టడం నేర్పుతుంది. చెక్క కత్తి బాధ్యతతో ఆపడం నేర్పుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
వెదురు కత్తి, చెక్క కత్తి నేర్పే పాఠాల్లో భేదం ఏమిటి?

9.7 భద్రత, సంరక్షణ

సుమారు ముప్పయి ఏళ్ల కిందట నేను పర్యవేక్షిస్తున్న ఒక సాయంత్రపు తరగతికి ఒక విద్యార్థి కొత్త చెక్క కత్తితో వచ్చాడు. ద్వారబంధం చేయగా మిగిలిన టేకు ముక్కతో తెలిసిన వడ్రంగి చేసి ఇచ్చాడు. చూడటానికి ముచ్చటగా ఉంది. నేను చేతిలోకి తీసుకొని చూడలేదు, బాగుందన్నాను. రెండో వరసలో కత్తులు ఢీకొన్నప్పుడు అది ముడి దగ్గర విరిగి, మొన ముక్క ఎదుటి విద్యార్థి కనుబొమను చీల్చుకుంటూ పోయింది. నాలుగు కుట్లు పడ్డాయి. అరంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది. తప్పు వడ్రంగిది కాదు, ఆ పిల్లవాడిదీ కాదు. చూడవలసిన బాధ్యత నాది. అప్పటినుంచి తరగతికి ముందు ప్రతి కత్తినీ తడిమి చూడనిదే అభ్యాసం మొదలుపెట్టలేదు. ఈ కింది నియమాలను ఆ అనుభవంతో కలిపి చదవండి.

• అభ్యాసానికి ముందు ప్రతిసారీ కత్తిని మొన నుంచి పిడి దాకా గుడ్డతో తుడుస్తూ పరిశీలించాలి. గుడ్డ నార ఎక్కడ తగులుకుంటే అక్కడ పేడు లేచిందని గుర్తు.
• చిన్న పేడు అయితే ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేయవచ్చు. పగులు కనిపిస్తే ఆ కత్తిని పక్కన పెట్టాలి. జిగురుతో అతికించి మళ్లీ జంట అభ్యాసానికి వాడకూడదు.
• మీ చుట్టూ కత్తి పొడవుకు రెండింతల ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. పైకప్పు, ఫ్యాను ఎత్తును కూడా గమనించాలి.
• గురువు లేకుండా జంట అభ్యాసం చేయకూడదు. ఇంట్లో ఒంటరి అభ్యాసం మాత్రమే చేయాలి.
• కత్తిని దాటకూడదు, కర్రలాగా ఆనుకోకూడదు, సరదాకు ఎవరివైపూ చూపకూడదు.
• బహిరంగ ప్రదేశాల్లో, ప్రయాణంలో సంచిలో పెట్టి తీసుకువెళ్లాలి.

కలప గాలిలోని తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలపు పొడిగాలికి పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. కోస్తా ఉక్కకు మెలితిరిగే అవకాశం ఉంది. కాబట్టి ఎండ పడే గోడకు ఆనించి, కారులో గాని డాబాపైన గాని వదిలేయకూడదు. నీడలో, సమతలంగా పడుకోబెట్టాలి. రెండు మూడు నెలలకొకసారి అవిసె నూనె కొద్దిగా పట్టించి, పొడిగుడ్డతో పూర్తిగా తుడిచివేయాలి. నూనె తడిసిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకూడదు. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. దాన్ని నీటిలో తడిపి, విప్పి ఆరవేయాలి.

9.8 సారాంశం

చెక్క కత్తి అసలు కత్తికి నకలు కాదు, ఆటవస్తువూ కాదు. అసలు కత్తి ఆకారాన్ని, అంచు దిశను నిలుపుకుంటూ పదును మాత్రం లేని అభ్యాస సాధనం. ప్రాచీన సంప్రదాయాల్లో కటాతోపాటు అది పెరిగింది. వెదురు కత్తి, కవచాలు వచ్చిన తరవాత కూడా దాని స్థానం పోలేదు. 1912 నాటి కెండో కటా, 2003 నాటి ప్రాథమిక అభ్యాసాలు ఇందుకు నిదర్శనం. మంచి కత్తికి గట్టి కలప, తెగని నార ముఖ్యం. కొత్తవారు ప్రామాణిక బరువుతో మొదలుపెట్టి, సరైన పట్టు, ఒంటరి అభ్యాసం, జంట అభ్యాసం అనే క్రమంలో సాగాలి. అన్నింటికంటే ముఖ్యంగా కొట్టగలిగిన చేతితో ఆపడం నేర్చుకోవాలి.

9.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. గుడ్డు ఆకారపు పిడి వల్ల కత్తి అంచు ఎటు తిరిగి ఉందో చూడకుండానే అరచేతికి తెలుస్తుంది. అందువల్ల అంచు దిశ తప్పకుండా కత్తిని దించడం అలవడుతుంది.
2. నార పిడి నుంచి మొన వరకు తెగకుండా సాగితే కత్తి దెబ్బను తట్టుకుంటుంది. నార మధ్యలో పక్కకు పోతే ఆ చోట కత్తి విరిగి ఎదుటివారికి గాయం కావచ్చు.
3. కవచాలతో వాడే వెదురు కత్తి పూర్తి బలంతో నిర్భయంగా కొట్టడం నేర్పుతుంది. కవచం లేకుండా వాడే చెక్క కత్తి అంచు దిశను, దూరాన్ని, దెబ్బను ఆపే నిగ్రహాన్ని నేర్పుతుంది.

9.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. జపాన్ ఖడ్గ విద్యలో చెక్క కత్తి చారిత్రక ప్రాధాన్యాన్ని చర్చించండి.
2. కొత్తగా నేర్చుకొనేవారికి చెక్క కత్తి ఎంపికలో, అభ్యాసంలో పాటించవలసిన అంశాలను వివరించండి.

II. ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చెక్క కత్తి ముఖ్య భాగాలను పేర్కొనండి.
2. కటాలో ఉచిదచి, షిదచిల పాత్రలను తెలపండి.
3. చెక్క కత్తి సంరక్షణలో వాతావరణం ప్రభావాన్ని వివరించండి.

9.11 కీలక పదాలు

బొకుతో / బొక్కెన్: జపాన్ చెక్క కత్తి.
షినై: నాలుగు వెదురు బద్దలతో చేసిన అభ్యాస కత్తి.
కటా: ముందుగా నిర్ణయించిన కదలికల క్రమం.
సుబురి: కత్తిని ఎత్తి దించే ఒంటరి అభ్యాసం.
సుబురితో: ఒంటరి అభ్యాసానికి వాడే బరువైన చెక్క కత్తి.
చూదన్: మొన ఎదుటివారి గొంతు వైపు చూసే మధ్యస్థ నిలకడ.
ఉచిదచి: కటాలో ముందుగా దాడిచేసి నేర్పే పక్షం.
షిదచి: కటాలో సమాధానం చెబుతూ నేర్చుకొనే పక్షం.